నీలిరంగు పత్రం: ఉల్లేఖనల లెక్కకు అందినదీ, అందనిదీ

ఏ పరిశోధన పత్రిక తీసి చూసినా, అందులోని ప్రతి పత్రం చివర ఒక పట్టిక కనబడుతుంది. ఆ పత్రం రాసినవారు తమ పనికి ఎవరెవరి పని ఆధారమైనదో అందులో తెలుపుతారు. రచయిత పేరు, పత్రిక పేరు, సంపుటం, పుట, సంవత్సరం వరుసగా ఉంటాయి. ఇరుగుపొరుగుల నుంచి తెచ్చుకొన్న చేబదుళ్ళను చిట్టాలో రాసి పెట్టుకోవడం వంటిదే ఇది. ఈ విధంగా పూర్వుల పనిని పేర్కొనడాన్ని ఉల్లేఖన అంటారు.

ఉల్లేఖన మొదట కేవలం మర్యాద. ఇతరుల సొమ్మును తనదని చెప్పుకోరాదన్న నియమం నుంచి అది పుట్టింది. ఇరవయ్యో శతాబ్దంలో ఈ మర్యాదలను లెక్కపెట్టడం ఆరంభమైంది. ఎవరి పత్రాన్ని ఎందరు పేర్కొన్నారో కూడి, ఆ మొత్తాన్ని బట్టి శాస్త్రజ్ఞుని పనికి విలువ కట్టే అలవాటు ఈనాడు ప్రపంచమంతటా ఉంది. ఉద్యోగాలు, పదోన్నతులు, పరిశోధనకు ధనసహాయం అనేకచోట్ల ఈ అంకెలపై ఆధారపడుతున్నాయి. అంకె దేనిని చూడగలదు, దేనిని చూడలేదు అన్న ప్రశ్నకు ఒక తెలుగు శాస్త్రజ్ఞుని చరిత్ర చక్కని సమాధానం ఇస్తుంది. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు.

రంగుతో కొలత

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మద్రాసులో వైద్యవిద్య ముగించి, 1922లో అమెరికా చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధులను గురించి చదివారు. ఆ తరువాత అక్కడి వైద్య కళాశాలలోనే సైరస్ ఫిస్కే అనే జీవరసాయన శాస్త్రజ్ఞునితో కలిసి పనిచేయసాగారు. వారు మొదట ఎత్తుకొన్న సమస్య చూడడానికి చాలా చిన్నది: రక్తంలోను, మూత్రంలోను భాస్వరం ఎంత ఉన్నదో త్వరగా, సరిగ్గా కొలవడం ఎలా?

ఫాస్ఫేటు ఉన్న ద్రావణానికి ఆమ్లాన్నీ, మాలిబ్డేటు లవణాన్నీ చేర్చితే ఆ రెండింటి కలయికతో ఒక సంయోగ పదార్థం ఏర్పడుతుంది. దానిని మృదువుగా క్షయకరణం చెందిస్తే నీలిరంగు పుడుతుంది. ఫాస్ఫేటు ఎక్కువైనకొద్దీ నీలిమ చిక్కబడుతుంది. పరిమాణం తెలిసిన ద్రావణపు రంగుతో దీనిని వర్ణమాపకంలో పోల్చి చూస్తే భాస్వరం లెక్క తేలుతుంది. ఈ సూత్రం అప్పటికే తెలిసినది. 1920లో బెల్, డాయిసీ అనే పరిశోధకులు దీనిపై ఒక పద్ధతిని ప్రకటించారు కూడా. కాని అందులో రంగు నిలకడగా ఉండేది కాదు. ఫిస్కే, సుబ్బారావులు ఎమినోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లాన్ని క్షయకరణిగా వాడి ఈ చిక్కును తొలగించారు. కొద్ది నిమిషాలలో నమ్మదగిన రంగు వచ్చేది. ఈ పద్ధతిని వివరించే పత్రం 1925లో జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ 66వ సంపుటంలో, 375వ పుట నుంచి వెలువడింది.

ఇది గొప్ప సిద్ధాంతం కాదు. ప్రకృతి రహస్యాన్ని విప్పి చెప్పే సూత్రమూ కాదు. వడ్రంగికి బాడిస ఎటువంటిదో, జీవరసాయన శాస్త్రజ్ఞునికి ఇది అటువంటిది.

కొలత చూపిన కొత్త పదార్థం

ఆ పనిముట్టును మొదట గొప్పగా ఉపయోగించుకొన్నవారు దానిని చేసినవారే. కండరం నుంచి తీసిన ద్రవాన్ని తమ పద్ధతిలో పరీక్షించినప్పుడు నీలిరంగు రావలసినంత త్వరగా రాలేదు. రంగు మెల్లమెల్లగా చిక్కబడుతూ పోయింది. పరీక్షలో ఏదో పొరపాటు జరిగిందని వదిలివేయవచ్చు. వారు వదలలేదు. కండరంలోని ఫాస్ఫేటులో కొంత భాగం మరొక పదార్థంతో బంధింపబడి ఉన్నదని, పరీక్షలోని ఆమ్లం వల్ల ఆ బంధం క్రమంగా తెగి ఫాస్ఫేటు విడుదల అవుతున్నదని వారు గ్రహించారు. ఆ విధంగా ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. 1927లో దీనిని ప్రకటించారు. అదే సంవత్సరంలో ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా ఈ అస్థిర పదార్థాన్ని గుర్తించారు.

1929లో ఫిస్కే, సుబ్బారావులు కండరం నుంచి ఎడినోసిన్ ట్రైఫాస్ఫేటును వేరుచేసినట్లు ప్రకటించారు. జర్మనీలో కార్ల్ లోమన్ అదే సంవత్సరంలో స్వతంత్రంగా దీనిని కనుగొన్నారు. ఈనాడు ఉన్నత పాఠశాల విద్యార్థికి ఏ.టి.పి. అన్న పేరుతో తెలిసినది ఇదే. జీవకణంలో శక్తి చేతులు మారడానికి ఇది నాణెం వంటిది.

1940లో సుబ్బారావు హార్వర్డును విడిచి న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్ వద్ద ఉన్న లెడర్లీ పరిశోధనాలయానికి వెళ్ళారు. అక్కడి పరిశోధనలకు సారథ్యం వహించి, 1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో మరణించారు. ఆయన జీవించి ఉన్న కాలంలో శాస్త్రజ్ఞుల పత్రాలకు వచ్చే ఉల్లేఖనలన్నిటినీ ఒకచోట చేర్చి చూపే సాధనం లేదు.

గ్రంథాలయంలో పుట్టిన లెక్క

ఉల్లేఖనలను లెక్కించాలన్న ఆలోచన శాస్త్రజ్ఞులకు మార్కులు వేయడానికి పుట్టలేదు. అది గ్రంథాలయ అవసరం నుంచి పుట్టింది. 1927లో గ్రాస్ అనే ఇంటిపేరు గల ఇద్దరు అమెరికన్ రచయితలు ఒక చిన్న ప్రశ్న వేసుకొన్నారు: తక్కువ ధనం గల ఒక కళాశాల, రసాయనశాస్త్ర విద్యార్థుల కోసం ఏ పత్రికలు కొనాలి? ఎవరికి తోచిన పేర్లు వారు చెప్పడం కన్న, శాస్త్రజ్ఞులు నిజంగా ఏవి చదువుతున్నారో చూడడం మేలని వారు తలచారు. అమెరికన్ కెమికల్ సొసైటీ పత్రిక 1926 సంపుటాన్ని తీసుకొని, అందులోని పత్రాలు ఏయే పత్రికలను ఎన్నిసార్లు పేర్కొన్నాయో లెక్కించారు. మూడున్నర వేలకు పైగా ఉల్లేఖనలు తేలాయి. ఆ లెక్కలో జర్మన్ పత్రికలకు పెద్ద స్థానం దొరికింది.

ఇంతకన్న పాత ఉదాహరణ న్యాయశాస్త్రంలో ఉంది. 1873 నుంచి అమెరికాలో షెపర్డ్ సూచిక అనేది నడుస్తూ వచ్చింది. ఒక న్యాయస్థానం ఇచ్చిన తీర్పును తరువాతి తీర్పులలో ఎవరు ఆమోదించారో, ఎవరు కాదన్నారో న్యాయవాది దానిలో చూసుకోవచ్చు. పాత తీర్పు ఇంకా చెల్లుతున్నదా లేదా అన్నది వెంటనే తెలిసిపోతుంది.

ఈ పద్ధతిని విజ్ఞానశాస్త్రానికి తెచ్చినవారు యూజీన్ గార్ఫీల్డ్. 1955లో సైన్స్ పత్రికలో ఆయన ఈ ఆలోచనను ప్రకటించారు. మామూలు సూచికలో విషయం పేరును బట్టి పత్రాలను వెదకుతారు. అందువల్ల ఒక పత్రం ఏ పత్రాలపై ఆధారపడిందో తెలుసుకోవచ్చు గాని, తరువాత ఎవరు దానిని ఉపయోగించుకొన్నారో తెలియదు. ఉల్లేఖన సూచిక అయితే కాలంలో ముందుకు నడిపిస్తుంది. 1925 నాటి పత్రాన్ని చేతబట్టుకొని, 1961లో దానిని పేర్కొన్నవారు ఎవరో వెంటనే కనుక్కోవచ్చు. ఒక పత్రంలో తప్పు దొర్లితే, దానిని తరువాత ఎవరు ఖండించారో తెలిసి, ఆ తప్పునే నమ్మి మరికొందరు మోసపోకుండా ఉంటారన్నది ఆయన ఆశయాలలో ఒకటి.

ఫిలడెల్ఫియాలో ఆయన స్థాపించిన సంస్థ 1961 నాటి పత్రికలను ఆధారం చేసుకొని మొదటి సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌ను తయారుచేసింది. 613 పత్రికల నుంచి సుమారు 14 లక్షల ఉల్లేఖనలను అందులో క్రమపరచారు.

వెదికే సాధనం తూచే త్రాసు అయినది

సూచిక చేతికి రాగానే కొత్త ప్రశ్నలు పుట్టాయి. శాస్త్ర చరిత్రకారుడు డెరెక్ ప్రైస్ 1965లో ఆ లెక్కలను పరిశీలించి, ఏ ఒక్క సంవత్సరంలో చూసినా అప్పటికి ఉన్న పత్రాలలో నూటికి సుమారు 35 పత్రాలను ఎవరూ పేర్కొనడంలేదని, మరి 49 పత్రాలను ఒక్కసారి మాత్రమే పేర్కొంటున్నారని చూపారు. అనగా ఉల్లేఖనలలో ఎక్కువ భాగం కొద్ది పత్రాల చుట్టూనే పోగుపడతాయి.

ఆ కొద్ది పత్రాలు ఏవి? మహా సిద్ధాంతాలే పైన ఉంటాయని ఎవరైనా ఊహిస్తారు. జరిగినది వేరు. పట్టికల శిరస్సున నిలిచినవి కొలత పద్ధతులు. ద్రావణంలో ప్రోటీను ఎంత ఉన్నదో రంగుతో కొలిచే పద్ధతిని 1951లో లౌరీ, ఆయన సహచరులు ప్రకటించారు. 2014లో లెక్క చూసినప్పుడు ఆ ఒక్క పత్రానికి మూడు లక్షలకు పైగా ఉల్లేఖనలు ఉన్నాయి. అది గొప్ప పత్రమేమీ కాదని లౌరీయే అంగీకరించారు. డి.ఎన్.ఏ. నిర్మాణాన్ని తెలిపిన 1953 నాటి సుప్రసిద్ధ పత్రానికి 2014 నాటి ఆ జాబితాలో మొదటి నూరింటిలో స్థానం దొరకలేదు.

సుబ్బారావు నీలిరంగు పత్రం కూడా లౌరీ పత్రం జాతిదే. 36 ఏళ్ళ పాతదైనా, సూచిక ఆరంభమైన తరువాతి సంవత్సరాలలో అది ఎక్కువగా పేర్కొనబడే పత్రాలలో ఒకటిగా నిలిచింది. దానిని వేలాది పత్రాలు ఉల్లేఖించాయి. దీనికి కారణం సులభంగానే తెలుస్తుంది. భాస్వరం ఒక్క శాస్త్రానికి చెందినది కాదు. ఎముకల జబ్బును పరీక్షించే వైద్యునికి రక్తంలోని భాస్వరం కావాలి. ఎంజైముల పనిని కొలిచేవారికి విడుదలైన ఫాస్ఫేటు కావాలి. కణపు పొరలలోని ఫాస్ఫోలిపిడ్‌లను వేరుచేసేవారికి వాటిలోని భాస్వరమే గుర్తు. మొక్కల పోషణను పరిశీలించేవారికీ అదే అవసరం. ఇందరు ఒకే చెలమకు నీళ్ళకు వచ్చినట్లు ఈ పత్రం దగ్గరకు వచ్చారు.

పేరు ఎక్కడ పడింది

అచ్చయిన ఆ సూచికలో ఒక చిన్న ఏర్పాటు ఉండేది. ఉల్లేఖింపబడిన పత్రాన్ని దాని మొదటి రచయిత పేరు కిందనే చేర్చేవారు. 14 లక్షల వరుసలను ముద్రించవలసి వచ్చినప్పుడు అది సహజమే. కాని దాని ఫలితం ఏమంటే, 1925 నాటి పత్రానికి వచ్చిన ఉల్లేఖనలన్నీ ఫిస్కే పేరు కింద ఉంటాయి. సుబ్బారావు పేరు తెలిసి, దాని కింద వెదకినవానికి ఈ పత్రం దొరకదు.

లెడర్లీలో చేసిన పనికి వస్తే లెక్క మరింత మసకబారుతుంది. రక్తహీనతలో ఒక రకానికి మందైన ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన వార్త 1945లో వెలువడింది. ఆ పత్రంపై 16 మంది పేర్లు ఉన్నాయి. అక్షరక్రమంలో మొదటిది యాంజియర్ పేరు, సుబ్బారావుది ఏడవది. బోదకాలుకు మందుగా ఈనాటికీ భారతదేశంలో లక్షలాది ప్రజలకు ఇస్తున్న డైఇథైల్ కార్బమజైన్ ఆయన సారథ్యంలో 1947లో వెలువడింది. బోదకాలు బాధను ఎరిగిన కోస్తా జిల్లాల వారికి ఆ మందు విలువ వేరే చెప్పనక్కరలేదు. దానిని గురించిన పత్రంపై మొదటి పేరు హ్యూయిట్‌ది. టెట్రాసైక్లిన్ జాతి మందులలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో ఆ పరిశోధనాలయం నుంచే వచ్చింది. దానిని ప్రకటించిన పత్రంపై ఉన్నది డగ్గర్ పేరు ఒక్కటే.

ఇక నాలుగవది పసిపిల్లల రక్త కాన్సరుకు సంబంధించినది. ఫోలిక్ ఆమ్లానికి పోలికగా ఉండి దాని పనిని అడ్డగించే పదార్థాలను లెడర్లీలో తయారుచేశారు. వాటిలో ఎమినోప్టెరిన్ అనే దానిని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లలకు ఇచ్చి చూశారు. 16 మందిలో 10 మందికి కొంతకాలం ఉపశమనం కలిగిందని 1948 జూన్‌లో ప్రకటించారు. కాన్సరును రసాయనిక ఔషధంతో ఎదుర్కొనే చరిత్రలో ఇది ఒక మైలురాయి. ఆ పత్రానికి రచయితలు ఐదుగురు. వారిలో సుబ్బారావు లేరు.

ఇందులో ఎవరి తప్పూ ఉండనక్కరలేదు. రోగికి మందు ఇచ్చి చూసినవారు ఆ ఫలితాన్ని రాస్తారు. సూక్ష్మజీవిని వెదకినవారు దానిని గురించి రాస్తారు. పరిశోధనకు దారి చూపి, మనుషులను కూర్చి, ఏ ప్రశ్న వెంట పోవాలో నిర్ణయించినవారి పని పత్రం రూపంలో వెలువడదు. ఉల్లేఖన పత్రాన్ని మాత్రమే చూడగలదు. కొలత పద్ధతికి వేలాది ఉల్లేఖనలు వచ్చాయి. ప్రాణాలు కాపాడిన మందుల లెక్కలో ఎక్కువ భాగం ఇతరుల పేర్ల కింద ఉంది. అంకెను మాత్రమే నమ్మితే, సుబ్బారావు భాస్వరాన్ని కొలిచిన రెండవ రచయితగానే మిగిలిపోతారు.

శాస్త్రానికొక అలవాటు

ఒకే మనిషి విషయంలో ఇంత తేడా ఉంటే, వేర్వేరు శాస్త్రాలలోని ఇద్దరిని పోల్చడం మరింత కష్టం. జీవశాస్త్ర పత్రాల చివర పట్టికలు పొడుగుగా ఉంటాయి. గణితశాస్త్రజ్ఞుడు కొద్ది పత్రాలనే పేర్కొంటాడు. అతని పని ఇతరుల వాడుకలోకి రావడానికి ఏళ్ళు పడుతుంది. గజంతో ధాన్యాన్ని కొలవలేనట్లే, ఒక శాస్త్రపు అంకెతో మరొక శాస్త్రాన్ని కొలవలేము.

దీనికి మరొక తెలుగువారి పత్రమే ఉదాహరణ. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి. ఆర్. రావు 1945లో కలకత్తా మేథమేటికల్ సొసైటీ బులెటిన్‌లో ఒక పత్రం ప్రకటించారు. ఒక అంచనా ఎంత ఖచ్చితంగా ఉండగలదో దానికి ఒక హద్దు ఉన్నదని అందులో నిరూపించారు. స్వీడనుకు చెందిన హరాల్డ్ క్రామర్ కూడా స్వతంత్రంగా ఇదే ఫలితాన్ని సాధించినందున దానికి క్రామర్-రావు హద్దు అని పేరు వచ్చింది. రాడారు సంకేతాలను చదివేవారు, భౌతిక శాస్త్రజ్ఞులు, అర్థశాస్త్రజ్ఞులు దీనిని వాడుతున్నారు. కాని హద్దు పేరు చెప్పిన ప్రతివారూ 1945 పత్రాన్ని పట్టికలో చేర్చరు. పాఠ్యగ్రంథంలోకి ఎక్కిన విషయానికి మూలపత్రాన్ని పేర్కొనడం క్రమంగా మానివేస్తారు. సామాజిక శాస్త్రజ్ఞుడు రాబర్ట్ మెర్టన్ ఈ సంగతిని గుర్తించి చెప్పారు. ఆర్కిమిడీస్‌ను వాడుకొంటూ ఎవరూ ఆయన గ్రంథపు పుట సంఖ్య రాయరు కదా! కనుక మిక్కిలి విజయవంతమైన ఆలోచనకే ఉల్లేఖనలు తగ్గిపోవచ్చు.

ఒకే అంకె కోసం వెదకులాట

ఈ చిక్కులు తెలిసినా, ఒకే అంకెలో విలువ తేల్చాలన్న కోరిక చల్లారలేదు. 1970ల నుంచి పత్రికలకు ప్రభావ గుణకం లెక్కకట్టి ప్రకటించసాగారు. ఒక పత్రిక గత రెండేళ్ళలో ప్రకటించిన పత్రాలకు ఈ ఏడు వచ్చిన ఉల్లేఖనలను ఆ పత్రాల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే అది. ఇది పత్రిక సగటు. తరగతి సగటు మార్కులను చూసి ఒక విద్యార్థి తెలివిని నిర్ణయించలేనట్లే, దీనిని బట్టి ఒక పత్రం విలువ చెప్పలేము.

2005లో భౌతిక శాస్త్రజ్ఞుడు హోర్హే హిర్ష్ మరొక అంకెను ప్రతిపాదించారు. ఒకరు రాసిన పత్రాలలో కనీసం 10 ఉల్లేఖనలు చొప్పున వచ్చినవి 10 ఉంటే, కనీసం 11 చొప్పున వచ్చినవి 11 లేకపోతే, ఆయన సూచిక 10. దీనిని హెచ్ సూచిక అంటారు. రాశి, నాణ్యం రెండూ ఇందులో చేరతాయన్నది దాని ఆకర్షణ. కాని 1925 నీలిరంగు పత్రం ఒక్కదానినే రాసి ఊరుకొన్న మనిషిని ఊహించుకొంటే, దానికి ఎన్ని వేల ఉల్లేఖనలు వచ్చినా అతని హెచ్ సూచిక 1 దాటదు. విద్యార్థులు కాగితంపై లెక్క వేసి చూసుకోవచ్చు.

ఇటువంటి అంకెలను దుర్వినియోగం చేయరాదన్న ఆందోళన శాస్త్రజ్ఞులలోనే పెరిగింది. 2012 డిసెంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో కూడిన కణశాస్త్రజ్ఞులు, పత్రికా సంపాదకులు ఒక ప్రకటన తయారుచేశారు. ఒక శాస్త్రజ్ఞుని నియామకంలోగాని, పదోన్నతిలోగాని పత్రిక ప్రభావ గుణకాన్ని కొలబద్దగా వాడరాదని, పనిని చదివి తీర్పు చెప్పాలని అందులో కోరారు. తరువాత ఎన్నో సంస్థలు దానిపై సంతకాలు చేశాయి.

ఉల్లేఖనల లెక్క నిరుపయోగమని దీనికి అర్థం కాదు. ఏ పనిముట్టు ఎన్ని చేతులకు అందిందో అది చెబుతుంది. ఒక శాస్త్రం నుంచి మరొక శాస్త్రానికి దారులు ఎలా పడ్డాయో చూపిస్తుంది. కాని ఆ లెక్క కొలిచేది ఉపయోగాన్ని. అదైనా పట్టికలోకి ఎక్కినంతవరకే. గొప్పతనం, శ్రమ, సాహసం, ఇతరులకు ఇచ్చిన చేయూత దాని పరిధిలోకి రావు.

కండర ద్రవంలో నీలిరంగు ఆలస్యంగా వచ్చినప్పుడు ఫిస్కే, సుబ్బారావులు కంటికి కనబడిన అంకెతో తృప్తిపడి ఉంటే, ఫాస్ఫోక్రియాటిన్ వారి చేతికి చిక్కేది కాదు. ఈ రంగు ఎందుకు ఆలస్యమైందని వారు అడిగారు. శాస్త్రజ్ఞుల పక్కన రాసి ఉన్న అంకెలను చూసినప్పుడు కూడా అదే విధంగా అడగవలసి ఉంటుంది: ఇది ఎక్కడి నుంచి వచ్చింది, ఇందులో కలవనిది ఏది?